స్క్రీన్ దానంతటదే లాక్ కావడానికి ల్యాప్‌టాప్ కంపెనీ యాప్ మేలా, ఆపరేటింగ్ సిస్టమ్ సెట్టింగే మేలా?

విండోస్ కీతో పాటు ఎల్ నొక్కితే స్క్రీన్ అప్పటికప్పుడే లాక్ అవుతుంది. మ్యాక్‌లో అదే పని కంట్రోల్, కమాండ్, క్యూ కలిపి నొక్కితే జరుగుతుంది. గ్నోమ్ అనే డెస్క్‌టాప్ ఉన్న లినక్స్‌లో సూపర్ (విండోస్ గుర్తున్న కీ), ఎల్. ఈ అలవాటు ఉన్నవాళ్లకు మిగతా టూల్స్ అవసరం తక్కువే. కానీ ఎంత అలవాటున్నవాళ్లయినా ఫోన్ మోగితే, ఎవరైనా తొందరగా పిలిస్తే లాక్ చేయకుండానే లేచి వెళ్లిపోతారు. ఆటోమేటిక్ లాక్ ఉన్నది ఆ సందర్భం కోసమే. అందుకే ఈ టూల్స్‌ను పోల్చేటప్పుడు ఫీచర్ల పట్టిక చూసి లాభం లేదు. మనిషి మరిచిపోయిన రోజున టూల్ కూడా పని చేయకపోతే, దాని వెనక ఇంకేముంది అన్నది చూడాలి.

ఆ లెక్కన మా తీర్పు ఇది. ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ఐడిల్ టైమర్, అంటే కొంతసేపు కీబోర్డు, మౌస్ కదలకపోతే లాక్ చేసే గడువు, ప్రతి కంప్యూటర్‌లోనూ, ఏ మినహాయింపూ లేకుండా పెట్టి ఉంచాల్సిన పునాది. మనిషి ఎదురుగా ఉన్నాడో లేడో కనిపెట్టే ప్రెజెన్స్ సెన్సర్ ఆ పునాది మీద అదనంగా వేసుకునే పొర. ఆ పొరను విండోస్ 11కు అప్పగించాలా, ల్యాప్‌టాప్ కంపెనీ యాప్‌కు అప్పగించాలా అన్నది రెండో ప్రశ్న. ఇద్దరికీ ఒకేసారి అప్పగించకూడదన్నది మాత్రం ఖాయం.

ఐడిల్ టైమర్

చాలామంది ఇక్కడే పొరబడతారు. స్క్రీన్ ఆరిపోవడం, కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లడం, సెషన్ లాక్ కావడం మూడు వేర్వేరు పనులు. పవర్ సెట్టింగ్‌లలో ‘5 నిమిషాల తర్వాత స్క్రీన్ ఆపు’ అని పెట్టుకుని, నల్లబడిన స్క్రీన్‌ను చూసి లాక్ అయిందనుకుంటారు. పాత తరహా స్లీప్ వాడే డెస్క్‌టాప్‌లో మౌస్ కదిపితే పాస్‌వర్డ్ అడగకుండా మీరు వదిలిన డాక్యుమెంటే కనిపిస్తుంది.

మీ కంప్యూటర్ ఏ తరహాదో తెలుసుకోవడం తేలిక. విండోస్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో సైన్-ఇన్ ఆప్షన్స్ తెరవండి. కొంచెం కిందికి వెళ్తే, మీరు దూరంగా వెళ్లి వచ్చాక మళ్లీ ఎప్పుడు సైన్-ఇన్ అడగాలి అన్న ప్రశ్న కనిపిస్తుంది. దానికి ‘ఎవ్రీ టైమ్’, 1 నిమిషం, 3 నిమిషాలు, 5 నిమిషాలు, 15 నిమిషాలు అని వరస కనిపిస్తే అది మోడర్న్ స్టాండ్‌బై (ఫోన్‌లా స్క్రీన్ ఆరినా లోపల కొంత మేలుకుని ఉండే కొత్త తరహా స్లీప్) ఉన్న యంత్రం. అందులో స్క్రీన్ ఆరిన క్షణం నుంచి ఆ గడువు లెక్కలోకి వస్తుంది. ‘ఎవ్రీ టైమ్’ ఎంచుకుంటే స్క్రీన్ ఆరడమే లాక్ కావడం. ఆ ప్రశ్నకు ‘నెవర్’, ‘స్లీప్ నుంచి లేచినప్పుడు’ అనే రెండే జవాబులు ఉంటే అది పాత తరహా. అందులో స్క్రీన్ టైమర్ ఒక్కదాన్నే నమ్మకూడదు.

పాత తరహా యంత్రానికి మందు స్క్రీన్ సేవరే. స్టార్ట్‌లో ‘స్క్రీన్ సేవర్’ అని వెతికి ఆ చిన్న కిటికీ తెరవండి. ‘బ్లాంక్’ ఎంచుకుని, వెయిట్ దగ్గర 5 పెట్టి, ‘ఆన్ రెజ్యూమ్, డిస్‌ప్లే లాగాన్ స్క్రీన్’ అన్న పెట్టెలో టిక్ పెట్టండి. ఆ టిక్ లేని స్క్రీన్ సేవర్ అలంకారానికి తప్ప రక్షణకు పనికిరాదు. ‘నన్’ ఎంచుకుని టిక్ మాత్రం పెట్టేవాళ్లూ ఉన్నారు. అలా కాకుండా ఏదో ఒక సేవర్ ఎంచుకోవడమే నమ్మదగిన పద్ధతి. అలంకారపు సేవర్లు గ్రాఫిక్స్ చిప్‌కు అనవసరపు పని పెడతాయి కనుక బ్లాంక్ చాలు. ఇంకో సంగతి: పవర్ సెట్టింగ్‌లో స్క్రీన్ ఆరే గడువును స్క్రీన్ సేవర్ గడువు కంటే ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ పెట్టండి. అప్పుడు ముందు లాక్, తర్వాత స్క్రీన్ ఆరడం అన్న వరస కుదురుతుంది.

ఒకే యంత్రాన్ని పలువురు వాడే చోట యూజర్ సెట్టింగ్ చాలదు. స్క్రీన్ సేవర్ అమరిక ఒక్కో యూజర్‌కు విడివిడిగా ఉంటుంది. మొత్తం యంత్రానికి వర్తించేది లోకల్ సెక్యూరిటీ పాలసీలో ఉంది. లోకల్ పాలసీస్, సెక్యూరిటీ ఆప్షన్స్, ‘ఇంటరాక్టివ్ లాగాన్: మెషీన్ ఇనాక్టివిటీ లిమిట్’. దీనికి విలువను సెకన్లలో ఇవ్వాలి. 900 అంటే 15 నిమిషాలు. 0 ఇస్తే పాలసీ లేనట్టే లెక్క. ప్రో, ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్లలో ఈ కిటికీ దొరుకుతుంది, హోమ్ ఎడిషన్‌లో దొరకదు. కంప్యూటర్ భద్రతా అమరికలకు ప్రమాణంగా వాడే సీఐఎస్ బెంచ్‌మార్క్ కోరేది 900 సెకన్లు, లేదా అంతకు తక్కువ. కార్డు చెల్లింపుల డేటా తాకే చోట పీసీఐ డీఎస్ఎస్ అనే భద్రతా ప్రమాణం నాలుగో వెర్షన్‌లోని 8.2.8 నిబంధన 15 నిమిషాలకు మించి కదలిక లేకపోతే మళ్లీ గుర్తింపు అడగాలంటుంది. ఇవి గరిష్ఠ హద్దులు మాత్రమే. నలుగురూ తిరిగే గదిలో 15 నిమిషాలు చాలా ఎక్కువ. 5 నిమిషాలు సబబు. 2 నిమిషాల కంటే తగ్గిస్తే, స్క్రీన్ మీద పొడవైన పత్రం చదువుతున్న మనిషి విసిగిపోయి మొత్తం సెట్టింగే తీసేస్తాడు. మనిషి భరించలేని భద్రత ఎక్కువ కాలం నిలవదు.

టైమర్ ఎందుకు తప్పుతుంది

టైమర్ పెట్టినా లాక్ కాలేదన్న ఫిర్యాదుకు సాధారణంగా కనిపించే కారణం వేరే ప్రోగ్రామ్. వీడియో ప్లేయర్, మీటింగ్ యాప్, ప్రెజెంటేషన్ నడుస్తున్నప్పుడు అవి ‘స్క్రీన్ ఆపొద్దు’ అని విండోస్‌ను అడుగుతాయి. విండోస్ ఒప్పుకుంటుంది. ఆ అభ్యర్థన ఉన్నంతసేపూ స్క్రీన్ ఆరదు, స్క్రీన్ సేవర్ రాదు. మెషీన్ ఇనాక్టివిటీ లిమిట్ కూడా లోపల స్క్రీన్ సేవర్ దారినే వాడుకుని లాక్ చేస్తుంది, కాబట్టి అదీ ఆగిపోవచ్చు. మీటింగ్ ముగిసినా మూయకుండా వదిలేసిన యాప్ గానీ, వీడియో ట్యాబ్ గానీ ఒక్కటి చాలు.

ఎవరు అడ్డుపడుతున్నారో చూడటానికి కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి ‘రిక్వెస్ట్స్’ అని చేర్చి ఎంటర్ నొక్కండి. వచ్చిన జాబితాలో ‘డిస్‌ప్లే’ శీర్షిక కింద ఏ ప్రోగ్రామ్ పేరు ఉందో అదే కారణం. అక్కడ ‘నన్’ అని ఉండి కూడా లాక్ కాకపోతే కదలిక వచ్చేది హార్డ్‌వేర్ నుంచి. నిగనిగలాడే బల్ల మీద పెట్టిన ఆప్టికల్ మౌస్ ఎవరూ ముట్టకుండానే ఒకటి రెండు పిక్సెల్స్ అటూ ఇటూ కదులుతుంది. అరిగిన గేమ్ కంట్రోలర్ స్టిక్ కూడా అంతే. మౌస్‌ను తిరగేసి పెట్టి, కంట్రోలర్ తీగ పీకి గడువు దాటేదాకా చూస్తే తేలిపోతుంది.

మ్యాక్‌లో ఇదే పనికి టెర్మినల్‌లో ‘పీఎంసెట్’ కమాండ్‌కు హైఫన్ జీ, ‘అసర్షన్స్’ చేర్చి చూడాలి. లినక్స్‌లో ‘సిస్టమ్‌డీ-ఇన్హిబిట్’కు రెండు హైఫన్లు, ‘లిస్ట్’ చేర్చాలి.

డైనమిక్ లాక్

2017లో విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్‌తో వచ్చిన ఫీచర్ ఇది. ఫోన్‌ను బ్లూటూత్‌తో జత చేసి, సైన్-ఇన్ ఆప్షన్స్‌లో డైనమిక్ లాక్ కింద టిక్ పెడితే, ఫోన్ జేబులో పెట్టుకుని మీరు దూరం వెళ్లాక ఒక నిమిషం అటూ ఇటూగా కంప్యూటర్ లాక్ అవుతుంది. తిరిగి వస్తే తెరుచుకోదు. పని లాక్ చేయడం వరకే. అలా ఉండటమే మంచిది కూడా.

దీనికి ఖర్చు లేదు, ప్రత్యేకమైన సెన్సర్ అక్కర్లేదు, బ్లూటూత్ ఉంటే పాత డెస్క్‌టాప్‌లోనూ నడుస్తుంది. అయినా దీన్ని ఏకైక రక్షణగా పెట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాం. మొదటి కారణం, ఇది దూరాన్ని కొలవదు. బ్లూటూత్ సిగ్నల్ బలాన్ని చూస్తుంది. డిఫాల్ట్ హద్దు మైనస్ 10. ఒక మోస్తరు ఆఫీసు గదిలో తిరుగుతున్నంత వరకు లాక్ కాకుండా ఉండటానికి ఆ విలువ పెట్టారు. అంటే గదిలోనే అవతలి మూలకు వెళ్తే లాక్ అవుతుందని ఆశించకూడదు. రెండో కారణం ఇంకా ముఖ్యం. సిగ్నల్ పడిపోవడంతో పాటు కంప్యూటర్ ఖాళీగా కూడా ఉంటేనే ఇది లాక్ చేస్తుంది. మీరు లేచిన అర నిమిషంలో వేరొకరు వచ్చి కీబోర్డు మీద చేయి పెడితే కంప్యూటర్ ఖాళీగా లేదు, కాబట్టి లాక్ కాదు. ఏ మనిషిని ఆపాలో ఆ మనిషి ఉన్నప్పుడే ఇది వెనక్కి తగ్గుతుంది. మైక్రోసాఫ్ట్ తన పత్రాల్లో దీన్ని అదనపు అడ్డంకిగానే చెప్పింది, చేత్తో లాక్ చేసే అలవాటుకు ప్రత్యామ్నాయంగా చెప్పలేదు.

ఇక ఫోన్‌ను బల్ల మీదే వదిలి వెళ్తే దీనికి పనే లేదు. బ్యాటరీ ఆదా చేసే మోడ్‌లో ఫోన్ బ్లూటూత్‌ను నిద్రపుచ్చితే జత తెగుతూ ఉంటుంది. అలాంటప్పుడు విండోస్ సెక్యూరిటీ యాప్‌లో అకౌంట్ ప్రొటెక్షన్ కింద డైనమిక్ లాక్ దగ్గర హెచ్చరిక కనిపిస్తుంది. అది కనిపిస్తే ఫోన్‌ను రెండు వైపులా తీసేసి మళ్లీ జత చేయాలి. ఒకే వైపు తీసేస్తే పాత జత మిగిలిపోయి గొడవ మళ్లీ వస్తుంది.

ప్రెజెన్స్ సెన్సర్: పోటీ నిజంగా ఉన్నది ఇక్కడే

లేచి వెళ్లిన కొన్ని సెకన్లలో లాక్ కావాలంటే మనిషిని చూసే సెన్సర్ ఉండాలి. ఇవి రెండు రకాలు. ఒకటి టైమ్ ఆఫ్ ఫ్లైట్. స్క్రీన్ పై అంచులో ఉండే చిన్న ఇన్‌ఫ్రారెడ్ మూలం కంటికి కనిపించని వెలుగును పంపి, అది తిరిగి రావడానికి పట్టిన సమయం నుంచి దూరం లెక్కిస్తుంది. ఇది ఫోటో తీయదు, ఎదురుగా ఉన్నది ఎవరో దానికి తెలియదు. ఎంత దూరంలో ఏదో ఉందన్నది మాత్రమే తెలుసు. రెండోది కెమెరా ఆధారంగా పని చేసేది. తక్కువ కరెంటుతో నడిచే చిప్ ముఖం, భుజాలు ఉన్నాయో లేవో చూస్తుంది. ఇది చూపు పక్కకు తిరిగిందా అన్నది కూడా చెప్పగలదు.

డెల్ 2019లో ల్యాటిట్యూడ్ 7400 టూ-ఇన్-వన్‌తో ‘ఎక్స్‌ప్రెస్ సైన్-ఇన్’ తెచ్చింది. ఇప్పుడు వాక్ అవే లాక్, లుక్ అవే డిటెక్ట్ వంటివి డెల్ ఆప్టిమైజర్ యాప్‌లో ఉంటాయి. లెనోవో థింక్‌ప్యాడ్లలో అదే పని వాంటేజ్ యాప్‌లో స్మార్ట్ అసిస్ట్ కింద ‘జీరో టచ్ లాక్’ పేరుతో ఉంటుంది. హెచ్‌పీలో ‘ఆటో లాక్ అండ్ అవేక్’, ఏసస్‌లో ‘అడాప్టివ్ లాక్’. పేర్లు వేరైనా సారం ఒకటే: దూరంగా వెళ్తే లాక్, దగ్గరకు వస్తే మేలుకోవడం.

విండోస్ 11 తన 22హెచ్2 వెర్షన్ నుంచి ఈ పనిని తానే చేయడం మొదలుపెట్టింది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, పవర్ విభాగంలోకి వెళ్లి స్క్రీన్ టైమర్ల దగ్గర చూడండి. ‘నేను వెళ్లినప్పుడు స్క్రీన్ ఆపు’, ‘నేను దగ్గరకు వచ్చినప్పుడు మేలుకో’ అనే అర్థం వచ్చే స్విచ్‌లు కనిపిస్తాయి. చూపు తిప్పితే స్క్రీన్ మసకబరిచే స్విచ్ తర్వాతి అప్‌డేట్లలో చేరింది. అవి కనిపించకపోతే విండోస్‌కు మీ సెన్సర్ కనిపించడం లేదన్నమాట. ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద ‘ప్రెజెన్స్ సెన్సింగ్’ అన్న పేజీ ఉందో లేదో కూడా చూడండి. ఉంటే, ఏ యాప్ ఆ సెన్సర్‌ను వాడుకోవచ్చో అక్కడే తేల్చవచ్చు.

సెన్సర్ ఉన్నా విండోస్‌కు ఎందుకు కనిపించదు? 22హెచ్2 కంటే ముందు వచ్చిన ల్యాప్‌టాప్‌లలో సెన్సర్ డ్రైవర్‌ను, అంటే సెన్సర్‌ను సిస్టమ్‌తో కలిపే చిన్న ప్రోగ్రామ్‌ను, కంపెనీ తన యాప్‌తోనే మాట్లాడేలా రాసుకుంది. విండోస్ కోరే పద్ధతిలో డ్రైవర్ మార్చి ఇస్తేనే అది సెట్టింగ్స్‌లోకి వస్తుంది. చాలా పాత మోడళ్లకు ఆ మార్పు రాదు. అలాంటి యంత్రాలకు కంపెనీ యాప్ ఒక్కటే దారి. అక్కడ ఎంపిక అన్న మాటే లేదు.

రెండూ ఉన్న కొత్త యంత్రంలో ఏది? మా మొగ్గు విండోస్ వైపే. కంపెనీ యాప్ బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచే ఒక సర్వీస్ మీద ఆధారపడుతుంది. అప్‌డేట్ మధ్యలో ఆగినా, ‘అనవసరపు ప్రోగ్రామ్‌లు’ తీసేసే టూల్ దాన్ని స్టార్టప్ నుంచి తప్పించినా లాక్ ఆగిపోతుంది. ఆగిపోయిందని చెప్పే సందేశమేదీ రాకపోవచ్చు. రక్షణ ఉందనుకునే మనిషి చేత్తో లాక్ చేయడం కూడా మానేస్తాడు, నష్టం అక్కడ మొదలవుతుంది. విండోస్‌ను మళ్లీ శుభ్రంగా ఇన్‌స్టాల్ చేస్తే ఆ యాప్ దానంతటది తిరిగి రావాలన్న నియమం లేదు. విండోస్ సెట్టింగ్‌కు కూడా సెన్సర్ డ్రైవర్ కావాలి, నిజమే. కానీ డ్రైవర్ లేకపోతే ఆ స్విచ్ పేజీలోంచే మాయమవుతుంది. లోపం కంటికి కనిపిస్తుంది. కనిపించే లోపాన్ని సరిచేసుకోవచ్చు.

కంపెనీ యాప్ గెలిచే చోట్లు లేకపోలేదు. భుజం మీంచి వేరొకరు తొంగి చూస్తే హెచ్చరించడం, అప్పుడు స్క్రీన్ మసకబరచడం లాంటివి కొన్ని యాప్‌లు ఇస్తాయి. దూరం, ఆలస్యం అమరికలు మోడల్‌కు తగ్గట్టు సరిదిద్ది ఉంటాయి. వందల యంత్రాలు చూసుకునే ఐటీ విభాగానికి లెనోవో తన కమర్షియల్ వాంటేజ్‌తో అన్ని యంత్రాల సెట్టింగ్‌లనూ ఒకేచోటి నుంచి పెట్టే గ్రూప్ పాలసీ టెంప్లేట్లు కూడా ఇస్తుంది. కానీ సంస్థలో మూడు కంపెనీల ల్యాప్‌టాప్‌లు కలిసి ఉంటే మూడు యాప్‌లు, మూడు పాలసీలు, మూడు రకాల తేడాలు. అక్కడ విండోస్ పాలసీ ఒక్కటే మేలు.

ఒకే సెన్సర్‌కు ఇద్దరు యజమానులు వద్దు

కంపెనీ యాప్‌లోనూ విండోస్‌లోనూ స్విచ్ ఆన్ చేస్తే, ఒకరు 10 సెకన్లు, ఇంకొకరు 1 నిమిషం అని నిర్ణయించి, ఏది ఎందుకు లాక్ చేసిందో తెలియని స్థితి వస్తుంది. స్క్రీన్ ఆరి వెంటనే వెలగడం, మళ్లీ ఆరడం, కుర్చీలో ఉండగానే లాక్ కావడం, వీటికి ఇదే మూలం కావచ్చు. కొన్ని కొత్త మోడళ్లలో కంపెనీ యాప్ తన స్విచ్ తీసేసి విండోస్ పేజీకి దారి చూపిస్తుంది. అదే సరైన పద్ధతి. మీ మోడల్‌లో రెండూ ఉంటే ముందు కంపెనీ యాప్‌లో లాక్, వేక్, డిమ్ మూడూ ఆపండి. రీస్టార్ట్ చేయండి. ఆ తర్వాతే విండోస్ స్విచ్‌లు వేయండి. యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సరిపోదు, కొన్నిసార్లు సెన్సర్ సర్వీస్ విడి ప్యాకేజీగా మిగిలే ఉంటుంది. అందుకే ముందు స్విచ్ ఆపి, తర్వాతే యాప్ తీయాలి. స్విచ్‌లు అసలు కనిపించకపోతే బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే, విండోస్ కంటే ముందు తెరవగల సెట్టింగ్‌లలో) యూజర్ ప్రెజెన్స్ సెన్సింగ్ వంటి పేరుతో ఉన్న అంశం ఆపి ఉందేమో కూడా చూడండి.

అమర్చే తీరు

మొదట దూరాన్ని అన్నిటికంటే ఎక్కువగా, ఆలస్యాన్ని అన్నిటికంటే పొడవుగా పెట్టండి. రెండు రోజులు మామూలుగా పని చేయండి. అనవసరంగా లాక్ కాకపోతే ఒక మెట్టు దగ్గరకు, ఒక మెట్టు త్వరకు తెచ్చి మళ్లీ చూడండి. మొదటి రోజే కఠినంగా పెట్టినవాళ్లు వెనక్కి వాలి కూర్చున్నా లాక్ అవుతోందని మూడో రోజుకు మొత్తం ఆపేస్తారు.

‘సైన్-ఇన్ ఎప్పుడు అడగాలి’ అన్న దాన్ని ‘ఎవ్రీ టైమ్’లో ఉంచడం మరవకండి. అది 15 నిమిషాలలో ఉంటే సెన్సర్ స్క్రీన్ ఆపినా, వెంటనే వచ్చినవాళ్లకు పాస్‌వర్డ్ అడగకపోవచ్చు.

దగ్గరకు వస్తే మేలుకోవడాన్ని వేరుగా తూచండి. దానికి విండోస్ హలో ముఖ గుర్తింపు తోడైతే, ముఖం కనిపించగానే లాక్ స్క్రీన్ దానంతటదే తొలగేలా పెట్టుకోవచ్చు. సౌకర్యమే, కానీ మీరు వేరే మనిషితో మాట్లాడుతూ బల్ల పక్కగా నడిచినా కంప్యూటర్ తెరుచుకునే వీలుంది. ఆ టిక్ తీసేసి, ముఖం గుర్తించాక ఒక కీ నొక్కితే తెరుచుకునేలా ఉంచుకోవడమే మా సలహా. లాక్ వేగంగా కావాలి, తెరవడానికి మాత్రం మనిషి ఇష్టపూర్వకంగా ఒక పని చేయాలి.

బయటి మానిటర్ అనే పెద్ద చిక్కు

ల్యాప్‌టాప్ పక్కన పెట్టి ఎదురుగా పెద్ద మానిటర్ చూసే అమరికలో సెన్సర్ మీ భుజాన్ని మాత్రమే చూస్తుంది, ఒక్కోసారి అదీ చూడదు. దాని చూపు సన్నని కోన్‌లా ముందుకు ఉంటుంది. మీరు టైప్ చేస్తూ ఉండగానే ‘మనిషి లేడు’ అని నిర్ణయం జరగవచ్చు. అందుకే బయటి మానిటర్ తగిలించినప్పుడు ఫీచర్‌ను ఆపే ఆప్షన్ చాలా టూల్స్‌లో ఉంటుంది. ఆ ఆప్షన్ వాడితే చిరాకు పోతుంది, దానితో పాటు రక్షణా పోతుంది. మూత మూసి డాక్‌లో (ల్యాప్‌టాప్‌ను బయటి మానిటర్, కీబోర్డులకు కలిపే పరికరంలో) పెట్టినా అంతే, సెన్సర్ చీకట్లో ఉంటుంది. రోజంతా డాక్‌లోనే ఉండే ల్యాప్‌టాప్‌కు ప్రెజెన్స్ సెన్సర్ ఉందన్న ధైర్యంతో ఐడిల్ టైమర్‌ను 30 నిమిషాలకు పెంచిన ఆఫీసులో, నిజానికి ఆ 30 నిమిషాలూ ఏ రక్షణా లేదు. ఈ సమీక్షలో ఒక్క విషయమే గుర్తుంచుకునే ఓపిక ఉంటే ఇదే గుర్తుంచుకోండి.

సెన్సర్ కిటికీకి అడ్డం పడేవీ ఉన్నాయి. స్క్రీన్ మీద అతికించే ప్రైవసీ ఫిల్టర్ పై అంచును కప్పేస్తే ఇన్‌ఫ్రారెడ్ వెలుగు దాని మీదే తగిలి వెనక్కి వస్తుంది. సెన్సర్‌కు ఎదురుగా ఎప్పుడూ ఏదో దగ్గరగా ఉన్నట్టే కనిపించి లాక్ కాకుండా పోవచ్చు. ఎత్తయిన వీపు ఉన్న కుర్చీని బల్లకు దగ్గరగా వదిలినా అలాంటి పొరపాటే జరిగే అవకాశం ఉంది. కెమెరా రకంలో షట్టర్ మూసేస్తే చూపే ఉండదు. షట్టర్ మూసి పెట్టుకునే అలవాటున్నవాళ్లు టైమ్ ఆఫ్ ఫ్లైట్ సెన్సర్ ఉన్న మోడల్ చూసుకోవాలి, లేదా టైమర్‌తోనే సరిపెట్టుకోవాలి.

మ్యాక్, లినక్స్

ఇక్కడ ఎంపిక కష్టం తక్కువ. మ్యాక్‌లో తయారీదారు, ఆపరేటింగ్ సిస్టమ్ ఒకరే. 2022లో వచ్చిన వెంచురా నుంచి సిస్టమ్ సెట్టింగ్స్‌లో ‘లాక్ స్క్రీన్’ పేజీలోనే అన్నీ ఉన్నాయి. అక్కడ రెండు గడువులు కలిసి పని చేస్తాయన్నది గమనించాలి. స్క్రీన్ సేవర్‌కు 5 నిమిషాలు, పాస్‌వర్డ్ అడగడానికి మరో 5 నిమిషాలు పెడితే అసలు లాక్ పదో నిమిషంలో. పాస్‌వర్డ్ గడువును ‘ఇమ్మీడియట్లీ’లో పెట్టి, మొదటి గడువునే సరిచేసుకోవాలి. యాపిల్ వాచ్ మ్యాక్‌ను తెరుస్తుంది, మీరు దూరం వెళ్తే మూయదు. ఆ రెండూ జరుగుతాయనుకునేవాళ్లు చాలామంది. డెస్క్‌టాప్ అండ్ డాక్ పేజీ అడుగున హాట్ కార్నర్స్‌లో ఒక మూలకు ‘లాక్ స్క్రీన్’ కేటాయిస్తే లేచేటప్పుడు పాయింటర్‌ను ఆ మూలకు తోసి వెళ్లిపోవచ్చు.

కంపెనీల ప్రెజెన్స్ యాప్‌లు విండోస్ కోసం చేసినవి. అదే ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేస్తే అవి రావు. గ్నోమ్‌లో స్క్రీన్ ఆరే గడువు మామూలుగా 5 నిమిషాలు. ప్రైవసీ విభాగంలో స్క్రీన్ లాక్ తెరిచి, ఆటోమేటిక్ లాక్ ఆన్‌లో ఉందా, స్క్రీన్ ఆరాక ఆలస్యం సున్నాగా ఉందా చూసుకుంటే చాలు.

పని చేస్తోందో లేదో తేల్చే పరీక్ష

అమర్చాక పరీక్షించకుండా వదలకండి. ముందు సెన్సర్ స్విచ్‌లు, డైనమిక్ లాక్ అన్నీ ఆపి టైమర్ ఒక్కదాన్నే పరీక్షించండి. గడువు దాటాక మౌస్ కదిపి పాస్‌వర్డ్ అడిగిందో లేదో చూడండి. తర్వాత వీడియో నడుపుతూ, ఆ తర్వాత బయటి మానిటర్ తగిలించి, ఆ తర్వాత బ్యాటరీ మీద. ఈ మూడు సందర్భాలూ వేరు వేరు ఫలితాలు ఇవ్వగలవు. టైమర్ నెగ్గాకే సెన్సర్ ఆన్ చేయండి.

ఏ సమయంలో లాక్ అయిందో రాతపూర్వకంగా కావాలంటే, విండోస్ ఏయే ఘటనలను నమోదు చేయాలో తేల్చే ఆడిట్ పాలసీలో ‘అదర్ లాగాన్/లాగాఫ్ ఈవెంట్స్’కు సక్సెస్ ఆన్ చేయాలి. అప్పుడు ఈవెంట్ వ్యూయర్‌లోని సెక్యూరిటీ లాగ్‌లో లాక్ అయినప్పుడు 4800, తెరిచినప్పుడు 4801, స్క్రీన్ సేవర్ మొదలైనప్పుడు 4802, ఆగినప్పుడు 4803 నమోదవుతాయి. 4802 వచ్చి 4800 రాకపోతే స్క్రీన్ సేవర్ వచ్చింది గానీ లాక్ కాలేదు. ఆ టిక్ పెట్టె మరిచారు. విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ, కంపెనీ యాప్ కొత్త వెర్షన్‌కు మారిన ప్రతిసారీ ఈ పరీక్ష ఒకసారి చేయండి.

ఎవరికి ఏది

సెన్సర్ లేని డెస్క్‌టాప్ అయితే 5 నిమిషాల స్క్రీన్ సేవర్ లాక్, దాని పైన కావాలంటే డైనమిక్ లాక్. మోడర్న్ స్టాండ్‌బై ఉన్నా సెన్సర్ లేని ల్యాప్‌టాప్ అయితే 5 నిమిషాల స్క్రీన్ టైమర్, ‘ఎవ్రీ టైమ్’. 22హెచ్2 కంటే ముందునాటి, సెన్సర్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే అదే టైమర్, దానితో పాటు కంపెనీ యాప్. ఆ యాప్ సర్వీస్ నడుస్తోందో లేదో నెలకోసారి చూడాలి. విండోస్ సెట్టింగ్స్‌లో ప్రెజెన్స్ స్విచ్‌లు కనిపించే కొత్త ల్యాప్‌టాప్ అయితే టైమర్, దానితో పాటు విండోస్ స్విచ్‌లు. కంపెనీ యాప్‌లో తొంగిచూపు హెచ్చరిక లాంటిది మీకు నిజంగా అవసరమైతేనే, లాక్ స్విచ్ ఆపి, ఆ ఒక్క ఫీచర్ కోసం దాన్ని ఉంచుకోండి. ల్యాప్‌టాప్ ఎక్కువ సమయం డాక్‌లో, మూత మూసి ఉంటే, సెన్సర్ కోసం అదనపు డబ్బు పెట్టకండి. కొనేముందు ప్రెజెన్స్ సెన్సర్ ఉన్న మోడల్‌కూ లేని మోడల్‌కూ తేడా అడిగి, మీరు అసలు ఆ ల్యాప్‌టాప్ తెర ఎదుట రోజుకు ఎంతసేపు కూర్చుంటారో లెక్కేసుకోండి.